కొత్తవాడ నుంచి కోరినవారు

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. పాలు పోసే మనిషి నవ్వితే నీళ్లు కలిపాడనుకుంటాను, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడనుకుంటాను. అందుకే ఆ ఎండాకాలం మా ఇంట్లో నన్ను అనుమానించినప్పుడు వాళ్లను తప్పుపట్టే ముఖం నాకు లేకపోయింది. ఎనభై రెండో సంవత్సరం సంగతి ఇది.

వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మేము. మా ఆయన పేరు యాకయ్య. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి రాశాను, నోటితో అయితే అనేదాన్ని కాదు. మా ఇళ్లలో ఆడవాళ్లు పెనిమిటి పేరు పలకరు, పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. రాయడం పలకడం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, పోస్టుకార్డుల మీద చిరునామాలో ఆ పేరు కొన్ని వందలసార్లు రాసి ఉంటాను.

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో కోరిన పాటలు వేసేవారు. పాటకు ముందు, ఆ పాట అడిగినవాళ్ల పేర్లు ఊళ్ల వారీగా చదివేవారు. నిజం చెప్పాలంటే పాట కోసం కార్డు రాసేవాళ్లు తక్కువ. మేమంతా పేరు కోసమే రాసేవాళ్లం. పక్కింటి షహనాజ్ ఆపా, నేను కలిసి ఒక శ్రోతల సంఘం కూడా పెట్టాం. సంఘం అంటే మేమిద్దరమే. ఆమె కార్డులో నా పేరు, నా కార్డులో ఆమె పేరు. రేడియోకే కాకుండా వారపత్రికల ఉత్తరాల పేజీలకు, కలం స్నేహాల పేజీలకు కూడా రాసేదాన్ని. కార్డు రాయడానికి పట్టేది రెండు నిమిషాలే. కానీ రాసి డబ్బాలో వేశాక పేరు వినపడేదాకా మనసు ఇంకో పని మీద నిలిచేది కాదు.

కార్డులకంటే ముందు నాకు ఒక నోటుబుక్కు ఉండేది. దాని పేరు ‘కండె’. మగ్గానికి నూలు చుట్టిచ్చే కండెలు చుట్టడమే నా పని కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాను. నెలనెలా అందులో మా గల్లీ సంగతులు రాసేదాన్ని. నల్లా దగ్గర నీళ్ల కొట్లాటలు, రంగు అంటుకుని వదలని చేతులు, ఒక రోజు మగ్గం ఆగితే ఇంట్లో ఏమేం ఆగుతాయి, ఇలాంటివి. నెల మొదటి తారీకున బుక్కు గల్లీలోకి వెళ్లేది. ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించేవారు. వెనక నాలుగు పేజీలు ఖాళీగా వదిలేదాన్ని, చదివినవాళ్లు తోచింది రాయడానికి. కార్డుల పిచ్చి పట్టాక ఆ బుక్కు చిక్కిపోయింది. ఆ మార్చిలో రెండే పేజీలు రాసి గల్లీలోకి పంపాను. వెనక పేజీలో షహనాజ్ ఆపా నా పేరు పెట్టి రాసింది: “ఈ నెల చిలుకమ్మ ఇంట్ల లేదు.”

మా అత్త మొగిలమ్మకు రేడియో అంటే గిట్టేది కాదు. “పేర్లు సదివితే కడుపు నిండుతదా?” అనేది. ఆమెను మంచి చేసుకుందామని, మేడారం జాతర నుంచి వచ్చిన వారంలో రాసిన ఒక కార్డులో ఆమె పేరు కూడా కలిపాను. అది రేడియోలో వచ్చిన రోజు ఆమె బియ్యం చెరుగుతోంది. మొగిలమ్మ అని వినపడగానే చాట ఆగిపోయింది.

“నా పేరు ఆమెకెట్ల ఎర్క?” అని రేడియో వైపు చూసింది.

“నేనే రాసి పంపిన అత్తా.”

“నన్ను అడగకుంట ఎందుకు రాసినవ్?” అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. సాయంత్రం నల్లా దగ్గర ఆ సంగతే మరో నలుగురికి చెప్తోంది. నా మీద చాడీలు చెప్తోందనే అనుకున్నాను.

ఉగాది వెళ్లిన తర్వాత ఒక పొద్దున, ఇస్త్రీ చేసిన అంగీ తొడుక్కున్న మనిషొకడు మా గడప ముందు నిలబడ్డాడు. చేతిలో కాగితపు పొట్లం.

“చిలుకమ్మగారి ఇల్లు ఇదేనా అన్నా?”

మా ఆయన మగ్గం గుంతలోంచి తలెత్తాడు. “ఏం పని?”

“పనేం లేదన్నా. నా పేరు రాజమల్లు, పరకాల. నేను గూడ శ్రోతనే. రేడియోల ఎప్పటికి కొత్తవాడ చిలుకమ్మ అని వస్తది కద. వరంగల్‌కు పనుండి వచ్చిన, జర మొఖం చూసి పోదామని.”

పాపం, మంచి మనిషే. ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ ‘మొఖం చూసి పోదామని’ అనే మాట మా ఇంటి గడప మీద అనవలసింది కాదు. మా ఆయన ఆ మనిషికి మంచినీళ్లు ఇప్పించాడు, కూర్చోమనలేదు. రాజమల్లు నిలబడే నీళ్లు తాగి, జిలేబి పొట్లం అరుగు మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అత్త ఆ పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని దూరంగా జరిపింది. మా ఐదేళ్ల బిడ్డ సారలమ్మ తప్ప దాన్ని ఎవరూ ముట్టలేదు.

“ఎన్ని కార్డులు రాసినవ్ ఆయినకు?” అన్నాడు మా ఆయన.

“ఆయినకు ఒక్కటి గూడ రాయలే. రేడియోకు రాసిన.”

“రేడియోకు రాస్తే మనిషెట్ల వచ్చిండు?”

  ఆయన కోపంగా అరిచే మనిషి కాదు. మగ్గం పక్కనున్న ఖాళీ బుట్ట ఎత్తి నాకు చూపించాడు.

“పొద్దట్నుంచి కండెలు లేవు. నేను ఊకెనే కూసున్న. నువ్వేమో కార్డులు రాస్తానవ్. ఆ మనిషి సంగతి పక్కకు పెట్టు, ఇదైతే అబద్ధం కాదు కద?”

అబద్ధం కాదు. అందుకే నాకు సిగ్గేసింది. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, “ఇగ కార్డు రాయ. సారమ్మ మీద ఒట్టు” అన్నాను.

“బుక్కు రాసుకో. అది గల్లీ దాటదు” అన్నాడు.

కార్డులు మానేశాక ‘కండె’ మళ్లీ కండపట్టింది. పొద్దున కండెలు చుట్టి, వంట చేసి, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక రెండు పేజీలు రాసేదాన్ని. ఏప్రిల్‌లో ఇరవై రెండు పేజీలయ్యాయి. “చిలుకమ్మ ఇంటికి వచ్చింది” అని రాసింది షహనాజ్ ఆపా. మగ్గం ఆగలేదు, అన్నం మాడలేదు, బిడ్డకు జడ వేళకు పడింది. అయినా ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి చెవులు మాత్రం రేడియో దగ్గరికి పోయేవి. అలవాటు అంత తొందరగా పోదు.

ఏప్రిల్ మూడో ఆదివారం రేడియోలో నా పేరు వచ్చింది. చిలుకమ్మ, షహనాజ్ బేగం అని. మా ఆయన నా వైపు చూశాడు.

“పాత కార్డు. ఒట్టుకు ముంగట రాసింది” అన్నాను.

ఆయన వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు. ఇంతలో లోపలి నుంచి అత్త, “పోస్టు గట్లనే ఉంటది తియ్” అంది. ఎప్పుడూ లేనిది నా తరఫున మాట్లాడిందేమిటా అని నాకు అప్పుడే ఎక్కడో గుచ్చుకుంది. కానీ మంచి మాట అన్నవాళ్లను ఎందుకన్నావని అడగలేం కదా.

మే నెల మొదటి ఆదివారం కరెంటు లేదు. రేడియో సెల్లుల మీద నడుస్తోంది. మా ఆయన నేస్తున్నాడు, నేను రాట్నం ముందు కూర్చుని కండె చుడుతున్నాను, అత్త వెనక గదిలో ఉంది. రేడియోలో ఆవిడ ఊళ్ల పేర్లు చదువుకుంటూ వచ్చి, “వరంగల్ కొత్తవాడ నుంచి పోశయ్య, మొగిలమ్మ, యాకయ్య, చిలుకమ్మ, సారలమ్మ” అని చదివింది.

మగ్గం చప్పుడు ఆగిపోయింది. పోశయ్య మా మామ. పోయి అప్పటికి మూడేళ్లు.

 పాట అయ్యాక మా ఆయన లేచి రేడియో కట్టేసి, సెల్లులు తీసి జేబులో వేసుకున్నాడు.

“మా నాయిన పేరు పెట్టి సినిమా పాటలు అడుగుతానవా?”

“నేను రాయలే.”

“మరి ఎవరు రాసిండ్రు? నాయినే వచ్చి రాసిండా?”

“సారమ్మ మీద ఒట్టు పెట్టిన. ఎట్ల రాస్త?”

“గదే నేను అడుగుతాన. బిడ్డ మీద ఒట్టు పెట్టి ఎట్ల రాసినవ్?”

 పరాయి మనిషి వచ్చిన రోజు కూడా నాకు అంత బాధ కలగలేదు. బిడ్డ మీద తప్పుడు ఒట్టు వేసే ఆడదాన్ని అనుకుంటున్నాడు. ఆయన గూట్లోంచి నా నోటుబుక్కు తీసి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

“వచ్చే ఆదివారం మీ అన్నను రమ్మని కబురు పెడత. ఆయిన ముంగట నిజం చెప్పు. చెప్పకపోతే ఈ బుక్కు కిరాణం దుకాణంల పొట్లాలకు పోతది. నువ్వు జర కొన్నొద్దులు మీ అన్న తోటి ఘన్‌పూర్‌ల ఉండు.”

నాకు ఒక వారం గడువు దొరికింది. ఆ వారంలో నేను అనుమానించని మనిషి లేడు. ముందు పోస్టుమ్యాన్‌ను అనుమానించాను. తర్వాత పరకాల రాజమల్లును. మంగళవారం రాత్రికి మా ఆయన్నే అనుమానించాను. నేను ఒట్టు తప్పానని తేల్చడానికి తనే ఎవరితోనో రాయిస్తున్నాడేమో అనుకున్నాను. పడుకున్న మనిషి ముఖంలోకి చూస్తే అలాంటి తెలివి ఉన్నట్టు కనిపించలేదు. ఇక మిగిలింది కార్డుల్లో పేర్లు కలపడం అలవాటున్న మనిషి. షహనాజ్ ఆపా.

బుధవారం వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“ఆపా, ఒక మాట అడుగుత. కోపానికి రావద్దు.”

“కోపమొచ్చే మాటైతే ఎందుకడుగుతవ్?”

“మా ఇంటోళ్ల పేర్లు పెట్టి కార్డు నువ్వు రాసినవా?”

ఆమె చేతిలోని ఆకును చాటలో పెట్టింది. “మీ ఇంటోళ్ల పేర్లన్ని రాస్తే నా పేరు రాసుకోనా? ఆ లిస్టుల షహనాజ్ బేగం ఉన్నదా?”

లేదు. నాకు అది తట్టనేలేదు.

“ఇంగొకటి ఇను. మీ మామను గల్లీ అంత బాపు అన్నది. నేను గూడ బాపు అనే పిలిచిన. పదేండ్ల సంది పక్కింట్ల ఉన్న, ఆయిన పేరు పోశయ్య అని మొన్న రేడియోలనే తెలిసింది.”

“తప్పైంది ఆపా.”

“నువ్వు ఒట్టు పెట్టిన దినం నుంచి నేను గూడ కార్డు బంద్ చేసిన. సంఘం అంటే ఇద్దరం గదా, ఒక్కదాన్నే రాసుడు ఎట్లుంటదని.” ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా తట్టుకోలేకపోయాను. “జర ఆ తలుపు దగ్గరికేసి పో చిలుకమ్మా. ఎండ వస్తాంది.”

తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.  ఉన్న ఒక్క స్నేహాన్నీ చేతులారా పాడుచేసుకున్నాను.

శుక్రవారం రేషన్ దుకాణంలో చక్కెర వచ్చిందన్నారు. రేషన్ కార్డు ఎప్పుడూ దేవుని పటం వెనక ఉంటుంది. చూస్తే లేదు.

“అత్తా, రేషన్ కార్డు చూసినవా?”

“యాడికి పోతది, చూడు మంచిగ” అంది. అంటూనే ఆమె చెయ్యి నడుముకు దోపుకున్న ఆకుల సంచి మీదికి వెళ్లింది. సున్నం, వక్క, తమలపాకులు పెట్టుకునే గుడ్డ సంచి అది. చెయ్యి వెళ్లడం, అక్కడే ఆగడం నేను చూశాను. నా అనుమానపు బుద్ధి జీవితంలో మొదటిసారి పనికొచ్చింది.

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఆ సంచి కొయ్యకు వేలాడుతోంది. ఇంకొకరి సంచి విప్పడం తప్పే, విప్పాను. సున్నపు డబ్బీ కింద మడిచిన రేషన్ కార్డు ఉంది. దాని మడతలో రెండు పోస్టుకార్డులు ఉన్నాయి. రెండూ ఖాళీవి.

రేషన్ కార్డు తెరిచాను. ఇంటి యజమాని పోశయ్య. కింద మొగిలమ్మ, యాకయ్య, చిలుకమ్మ, సారలమ్మ. పోయిన మనిషి పేరు తీయిస్తే ఇంటి చక్కెర తగ్గుతుందని మేమెవరం తీయించలేదు. రేడియోలో ఆవిడ చదివింది ఈ వరుసే, ఒక్క పేరు కూడా అటూ ఇటూ కాలేదు. సంచిని ఎలా ఉన్నది అలా కట్టి కొయ్యకు తగిలించాను. మా అత్తకు అక్షరం ముక్క రాదు.

ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసు దగ్గరికి వెళ్లాను. అక్కడ వేపచెట్టు నీడలో ఫకీర్ మహమ్మద్ అనే పెద్దమనిషి చిన్న బల్ల వేసుకుని అర్జీలు, మనియార్డర్ ఫారాలు రాసిపెట్టేవాడు. ఫలానా ఇంటి కోడలినని చెప్పగానే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎవరికి చెప్పొద్దన్నది. నువ్వు ఇంటి మనిషివి గనుక చెప్తాన బిడ్డా. రాసింది నేనే.”

“ఏమని చెప్పింది చాచా?”

“ఆమె చెప్పుడు తక్కువ, చూపుడు ఎక్కువ. మొదటి పేరు ఏందమ్మా అంటె చెప్పది. తల దించుకుంటది. రెండోసారి వచ్చినప్పుడు రేషన్ కార్డు తెచ్చింది. దీంట్ల అన్నిటికంటె మీద ఏమున్నదో గది మొదలు రాయి అన్నది. ఒక్క పేరే ఎందుకని మీది నుంచి కిందికి ఉన్నయి ఉన్నట్టు రాసిన.”

“ఏ పాట అడిగింది?”

“ఏ పాటైతే నీకెందుకు, నీ ఇష్టమున్నది రాయి, పేర్లు సదివితే చాలన్నది.” కొంచెం సిగ్గుపడ్డాడు. “నాకు ఇష్టమైన పాటనే రాసిన.”

“ఎన్ని కార్డులు రాసిండ్రు?”

“నెల సంది వారానికి రెండు. మొన్న మంగళవారం గూడ రెండు పోయినయ్.”

ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఎండకు కళ్లు మండుతున్నట్టు కొంగు అడ్డం పెట్టుకుని నడిచాను. ఆమె నలభై ఏళ్లు కాపురం చేసి ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు. గల్లీ అంతా ఆయనను బాపు అనేది, కొడుకు నాయినా అనేవాడు, నేను మామా అనేదాన్ని. పోశయ్యా అని పిలిచే ఆయన తల్లి ఎప్పుడో పోయింది. ఆయన పోయాక ఆ పేరు మా ఇంట్లో అనేవాళ్లు లేరు, వినేవాళ్లు లేరు. రేషన్ కార్డులో మాత్రం ఉండిపోయింది. నా కార్డుతో తన పేరు గాలిలోంచి వినపడ్డ రోజు, ఇలా కూడా అవుతుందన్నమాట అని ఆమెకు తట్టి ఉంటుంది. నేను చాడీలనుకున్నది ఆమె సంబరం.

ఈ సంగతి చెప్తే నా బుక్కు నాకు వస్తుంది, నా ఒట్టు నిలబడుతుంది. కానీ మా అన్న ముందు ఎలా చెప్పను? అరవై దగ్గరపడిన ముండమోసిన మనిషి మొగుడి పేరు వినడానికి సినిమా పాటలకు కార్డులు రాయిస్తోందని తెలిస్తే గల్లీ ఏడాది పాటు నవ్వుతుంది. ఆమె మళ్లీ నల్లా దగ్గరికి రాదు. చెప్పకూడదని అనుకున్నాను కానీ, చెప్పకుండా బయటపడే దారి కూడా కనిపించలేదు. ఆ నెలలో వెళ్లిన కార్డుల్లో ఏదో ఒకటి ఆదివారం చదువుతారేమోనని ఆశ పెట్టుకున్నాను.

ఆదివారం మా అన్న వెంకట్రాజం పొద్దున బండికే దిగాడు. అతనికి ఇలాంటి పంచాయితీలంటే చెమటలు. మా ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అత్త రాట్నం ముందు కూర్చుని నా బదులు కండె చుడుతోంది.

“చెప్పు చెల్లె. రాసినవా, రాయలేదా?” అన్నాడు మా అన్న.

“రాయలే అన్నా.”

“మరి ఎవరు రాసినట్టు?”

అత్త తలెత్తలేదు. ఆమె చుట్టే కండె కొలిచినట్టు నున్నగా ఉంటుంది. ఆ రోజు నూలు ఒక పక్కకే పోతోంది.

“నాకు ఎర్కలేదు” అని అబద్ధం ఆడాను. “రేడియో పెట్టుండ్రి. పాటల యాల్లయితాంది. అది అయినంక మీరు ఏమంటె అదే.”

“ఇప్పుడు రేడియో ఎందుకే?” అన్నాడు మా ఆయన.

“పెట్టు బావా, పోయేదేమున్నది” అన్నాడు మా అన్న. మాటల్లోంచి తప్పించుకునే దారి దొరికినందుకు అతనికే ఎక్కువ సంతోషం.

మా ఆయన జేబులోంచి సెల్లులు తీసి వేశాడు. మొదటి పాటకు మా ఊరు రాలేదు. రెండో పాటకు హన్మకొండ దాకా వచ్చి ఆగింది. మూడో పాటకు ఖమ్మం, కరీంనగర్, ఏవేవో ఊళ్లు.  ట్రంకు పెట్టె వైపు చూశాను. అందులో నా రెండేళ్ల రాత ఉంది. అప్పుడు ఆవిడ “వరంగల్ కొత్తవాడ నుంచి” అంది.

నేను మా అత్తనే చూస్తున్నాను.

“పోశయ్య” అనగానే రాట్నం ఆగింది. అత్త ఎడమ చెయ్యి దానంతటదే లేచి, కొంగును తల మీదుగా నుదుటి దాకా లాక్కుంది. మామ ఉన్నప్పుడు రోజూ సాయంత్రం అలాగే చేసేది. ఆయన వాకిట్లోకి వచ్చి దగ్గుతాడు, లోపల ఈమె కొంగు సర్దుకుంటుంది. మూడేళ్ల తర్వాత మళ్లీ చూశాను. మిగిలిన పేర్లు అయిపోయి పాట మొదలయ్యాక, ఆమెకు తాను చేసింది తెలిసొచ్చింది. కొంగును మెల్లగా వెనక్కి జార్చి రాట్నం తిప్పసాగింది.

మా ఆయన కూడా చూశాడు. రేడియో వైపు కాదు, తల్లి వైపు. పాట సగం అయ్యేదాకా అలాగే చూశాడు.

“బావా, అన్నం తిందాం రా” అన్నాడు మా అన్నతో.

“మరి ఈ కార్డు సంగతి?”

“పాతదేదో అయుంటది. పోస్టు గట్లనే ఉంటది” అని కాళ్లు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. బయట చాలాసేపు ఉన్నాడు.

సాయంత్రం అన్నను బండి ఎక్కించి వచ్చాక చూస్తే నా నోటుబుక్కు గూట్లో ఉంది.  మర్నాడు ఆ బుక్కు పట్టుకుని షహనాజ్ ఆపా ఇంటికి వెళ్లాను. ఆమె నన్ను కూర్చోమనలేదు కానీ బుక్కు తీసుకుంది. రెండు రోజులకు తిరిగొచ్చింది. వెనక పేజీలో రాసి ఉంది: “అనుమానం వస్తే మొదలు చాయ తాగి, తర్వాత అడగాలె. చాయకు రా.” వెళ్లాను. జరిగిందంతా ఆమె ఒక్కదానికే చెప్పాను. ఆమె ఏ ఒక్కరికీ చెప్పలేదు, మళ్లీ నన్ను వెక్కిరించకుండానూ వదల్లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున కండెలు, మధ్యాహ్నం బుక్కులో రెండు పేజీలు, వారానికి ఒకే ఒక కార్డు. ఆ కార్డును మా ఆయనే డబ్బాలో వేసి వచ్చేవాడు. సారమ్మ మీద పెట్టిన ఒట్టును, తన తల్లి చేత బిడ్డకు దిష్టి తీయించి, ఆయనే విప్పించాడు.

మొదటి కార్డు రాయబోతుంటే అత్త ఆకులు నములుతూ వచ్చి పక్కన కూర్చుంది. “ఆ సాయిబు కంటె నువ్వు రాస్తెనే జల్ది సదువుతరు కావచ్చు” అంది, గోడ వైపు చూస్తూ. ఆమెకు నేను తెలుసుకున్నానని తెలుసు. ఎలా తెలుసో నాకు తెలియదు.

“మొదలు ఎవరి పేరు పెట్టాలె అత్తా?” అని కొంచెం ఆట పట్టిద్దామనుకున్నాను.

“నీకెర్కలేదా?”

“నువ్వు చెప్తెనే రాస్త.”

నమలడం ఆపింది. పెదవులు కదిలాయి. నేను కలం పట్టుకుని చూస్తున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఉన్నన్ని రోజులు అనొద్దన్నరు, అనలే. పోయినంక ఇగ ఏమైతదని అందామనుకున్న. ఎవ్వరు లేనప్పుడు పొయ్యి ముంగట కూసొని చూసిన. నోరు తిరుగలే బిడ్డా.”

నేను ఇంకేమీ అడగకుండా పోశయ్య అని రాశాను. పాట పేరు కూడా అడగలేదు. ఫకీర్ చాచాకు ఇష్టమైన పాటే రాశాను.

ఆమె మాట మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. జూన్‌లో తొలి వాన పడ్డాక ఒక మధ్యాహ్నం, అత్త సారమ్మను తీసుకుని ఎటో వెళ్లింది. ముందు గదిలో మా ఆయన నేస్తున్నాడు. వెనక గదిలో నేను రాట్నం తిప్పుతూ, మగ్గం చప్పుడు చాటున ఒకసారి మెల్లగా “యాకయ్య” అన్నాను. ఇల్లేమీ కూలిపోలేదు. ఇంకొకసారి అన్నాను. ఈసారి కాస్త గట్టిగా వచ్చినట్టుంది.

మగ్గం ఆగింది.

“ఏమే, నన్నెవరన్న పిలిచిండ్రా?”

“లేదు.”

ఆయన లేచి వచ్చి గడపలో నిలబడ్డాడు. ఖాళీ వాకిలి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“రేడియో కావచ్చు” అన్నాను తలెత్తకుండా.

“రేడియో బంద్ ఉన్నది కద.”

నేను కండె చుట్టుకుంటూనే ఉన్నాను. కాసేపు నన్ను అనుమానంగా చూసి, వెళ్లి మగ్గం గుంతలో దిగాడు. దిగినవాడు నేయడం మొదలుపెట్టలేదు. ఆ పిలుపు ఇంకొకసారి వినపడుతుందేమోనని చెవి ఇటే పెట్టినట్టున్నాడు.